పారబోసిన కణాల లెక్క

కణాలు పెంచే ఆ గదిలోకి బయటి చెప్పులతో అడుగుపెట్టినవారు ఇరవై ఆరేళ్లలో ఇద్దరే ఇద్దరు. ఒకరు కరెంటు పనికి వచ్చిన మనిషి. రెండోవారు సంస్థకు కొత్తగా వచ్చిన డైరెక్టరు. గది చూసుకునే టెక్నీషియను ఇద్దరినీ ఒకే గొంతుతో గుమ్మం అవతలికి పంపింది.

"నేనెవరో తెలుసామ్మా?" అని అడిగారు డైరెక్టరు.

"మీరెవరో తెలుసండి. మీ చెప్పులు ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో తెలీదు."

కోపం తెచ్చుకోవాలా, నవ్వాలా అని ఆయన ఒక్క క్షణం తటపటాయించి, చివరికి నవ్వి, చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. ఆ మధ్యాహ్నమే ఆమెకు 'కణాలమ్మ' అని పేరు పెట్టారు. ఆ తర్వాత డైరెక్టర్లు ముగ్గురు మారారు. పేరు మాత్రం మారలేదు.

గది పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. కిటికీ లేదు. మధ్యలో హుడ్‌: వడకట్టిన గాలి వీస్తూ ఉండే గాజు తలుపు బల్ల. కణాలను తాకే ప్రతి పనీ ఆ గాలిలోనే జరగాలి. ఎడమ గోడకు ఒక ఇంక్యుబేటరు, కుడి గోడకు మరొకటి. రెండింటిలోనూ మనిషి ఒంటి వేడే. ఎడమదానిలో ఆరోగ్యవంతుల నుంచి తీసి పెంచుతున్న కణాలు ఉంటాయి. కుడిదానిలో కణితుల నుంచి తీసినవి. మొదటివాటిని కణాలమ్మ బుద్ధిమంతులు అంటుంది, రెండోవాటిని రౌడీలు అంటుంది. పొద్దున చేతులు తాజాగా ఉన్నప్పుడు బుద్ధిమంతుల పని. అది ముగిశాక హుడ్‌ తుడిచి, తొడుగులు మార్చుకుని రౌడీల పని. ఆ వరస ఏనాడూ తిరగబడలేదు. రౌడీ కణం ఒక్కటి పొరపాటున బుద్ధిమంతుల ఫ్లాస్కులో పడితే నెల తిరక్కుండా ఫ్లాస్కంతా దానిదే అవుతుంది. పైన అంటించిన చీటీ మాత్రం పాత పేరే చెబుతూ ఉంటుంది. అలా మోసపోయిన ప్రయోగశాలల సంగతులు ఆమె విని ఉంది. అందుకే చీటీని కాక కణాన్నే చూసి నమ్మడం నేర్చుకుంది.

రెండు జాతుల తిండి తీరూ వేరు. రౌడీలకు సోమవారం, శుక్రవారం మీడియం మారిస్తే చాలు. మీడియం అంటే కణాలు తిని బతికే గులాబి రంగు ద్రవం. బుద్ధిమంతులకు అలా కుదరదు. మంగళ, గురు, శనివారాల్లో పాత మీడియం పూర్తిగా తీసేసి, వెచ్చబెట్టిన కొత్తది పొయ్యాలి. ఒక్క రోజు ఆలస్యమైతే ముడుచుకుపోతాయి. "రౌడీలు ఏది పడేసినా తింటారు. వీళ్లకి మాత్రం వేళకి, వేడివేడిగా, అడిగినట్టు ఉండాలి. మా ఆయనలాగే" అనేది. ఏ రోజు, ఏ గంటకు, కణాలు అంటుకుని పెరిగే ఏ ప్లేట్లకు మీడియం మార్చిందో గోడకు తగిలించిన పొడుగాటి రిజిస్టరులో రాసి కింద పొట్టి సంతకం పెట్టేది. ఇరవై ఆరేళ్ల రిజిస్టర్లు బీరువా పైన దొంతరగా ఉన్నాయి. వాటిని చదివినవారు లేరు.

మూడేళ్లుగా ఆ విభాగమంతా ఒకే ప్రోటీన్‌ మీద పని చేస్తోంది. దానికింకా పేరు పెట్టలేదు. తయారైన వరసలో ఏడోది కాబట్టి 'ఏడో నంబరు' అనేవారు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ తన చావుకు తానే చేసుకున్న ఏర్పాటు ఒకటి ఉంటుంది. పాతబడినా, పాడైనా, కణం పక్కవాటికి ఇబ్బంది కలగకుండా తనను తాను ముక్కలుగా మడిచి సర్దుకుని తప్పుకుంటుంది. కణితి కణం ఆ పని మానేసిన కణం. ఏడో నంబరు వెళ్లి కణం పైపొర మీదున్న ఒక రకం తలుపును తడుతుంది; లోపల నిద్రపోతున్న ఆ ఏర్పాటు లేస్తుంది; కణం చనిపోతుంది. మరి ఆరోగ్యమైన కణానికీ ఆ తలుపులు ఉంటాయి గదా అంటే, ఉంటాయి. కానీ వాటితోపాటు ఎటూ దారితీయని ఉత్తుత్తి తలుపులు కూడా దానికి చాలానే ఉన్నాయనీ, ప్రోటీన్‌ వాటిని తట్టి అక్కడే ఆగిపోతుందనీ ఆ విభాగంవారి అంచనా. అంచనాకు అంకెల బలం కూడా ఉంది. పదకొండు ప్రయోగాల్లో, రెండు రోజుల తర్వాత లెక్కిస్తే, రౌడీల్లో నూటికి పదకొండే బతికాయి. బుద్ధిమంతుల్లో నూటికి తొంభై ఏడు.

ఆ తొంభై ఏడు కణాలమ్మకు ఒట్టి అంకె కాదు. ఐదేళ్ల కిందట ఆమె భర్త అక్కకు రొమ్ములో కణితి వచ్చింది. మందులు పనిచేశాయి, మనిషి దక్కింది. కానీ ఆ ఆరు నెలల్లో ఆమెకు నోరంతా పుళ్లు పడ్డాయి, జుట్టు రాలిపోయింది, కాలివేళ్లు మొద్దుబారాయి. ఆ మొద్దుతనం ఇప్పటికీ పోలేదు. పాత మందులకు రౌడీలూ బుద్ధిమంతులూ అన్న తేడా లేదు. "ఒక్క దొంగ కోసం వీధి వీధంతా లాకప్‌లో వేశారే మరదలా" అనేది వదిన, గోరువెచ్చటి నీళ్లు పుక్కిలిస్తూ. ఏడో నంబరు గురించి విన్నప్పటి నుంచి "మీ ఏడోవాడు ఎంతవరకొచ్చాడు?" అని వారం వారం వాకబు చేసేది.

చాలా దూరమే వచ్చాడు. మనుషుల మీద పరీక్షకు అనుమతి ఇచ్చే కమిటీ ముందుకు ఆ దస్త్రం మరో పన్నెండు రోజుల్లో వెళ్లబోతోంది. విభాగాధిపతిగా ఉన్న ప్రొఫెసరుగారు వెనకటికి ఒక నియమం పెట్టారు. ఏ పని ఎలా చేశారో రాసిన పేరా కింద, ఆ పని ఎవరి చేతుల మీదుగా జరిగిందో వారు చదివి సంతకం చెయ్యాలి. పెద్ద డిగ్రీ ఉన్నా లేకపోయినా చెయ్యాలి. ఎక్కువమంది చదవకుండానే పెట్టేవారు. కణాలమ్మ చదివి పెట్టేది. ఆమెకు కాగితమిచ్చి సంతకం కోసం నిలబడే పని ఎవరూ పెట్టుకునేవారు కాదు. బల్ల మీద ఉంచి టీకి వెళ్లిపోయేవారు.

ఆ గురువారం సాయంత్రం నాలుగింటికి పరిశోధకురాలు అలాగే ఉంచి వెళ్లింది. ముప్పై రెండేళ్ల పిల్ల. ఏడో నంబరును పుట్టించింది ఆమే. అందరూ 'చిట్టి డాక్టరు' అనేవారు.

కణాలమ్మ అద్దాలు పెట్టుకుని చదివింది. మొదటి వాక్యం సరిగ్గానే ఉంది. రెండోదీ సరే. మూడోది ఇలా ఉంది: 'రెండు రకాల కణాలనూ నలభై ఎనిమిది గంటలపాటు, మధ్యలో కదపకుండా, ప్రోటీన్‌ కలిపిన మీడియంలో ఉంచాం.'

ఆమె కలం మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

లేచి రిజిస్టరు తీసింది. పదకొండు ప్రయోగాలూ సోమవారం పొద్దున పదింటికి మొదలై బుధవారం పొద్దున పదింటికి ముగిశాయి. మధ్యలో ప్రతిసారీ ఒక మంగళవారం ఉంది. పదకొండు మంగళవారాలూ ఆమె సొంత రాతలోనే, ఆమె సంతకంతోనే ఉన్నాయి: 'ఎడమ ఇంక్యుబేటరు, అన్ని ప్లేట్లు, మీడియం మార్చాను.'

అన్ని ప్లేట్లు. ప్రయోగం ప్లేట్లతో సహా.

ఆమె కుర్చీలో కూర్చుని, సంగతిని మొదటినుంచి చివరిదాకా విడదీసి చూసుకుంది. మూడేళ్ల కిందట మొదటి ప్రయత్నంలో, ప్రోటీన్‌ పొయ్యని బుద్ధిమంతులు కూడా రెండో రోజుకు చచ్చిపోయాయి. అప్పుడు చిట్టి డాక్టరు విసిగిపోయి, "అక్కా, ఇవి నా చేతిలో నిలవవు, మీరే చూసుకోండి" అంది. ఆమె చూసుకుంది. మంగళవారం వాటికీ వేళకు తిండి మార్చింది. అవి నిలిచాయి. అందరూ సంతోషించారు. ఆ సంతోషంలో ఎవరికీ తోచని సంగతి ఒకటుంది. చనిపోయిన కణం ప్లేటు అడుగును వదిలేసి పైకి తేలుతుంది. పాత మీడియం తీసి పారబోసినప్పుడు మొదటి రోజున చచ్చినవన్నీ దానితోపాటే సింకులోకి పోయాయి. అంతేకాదు, ప్రోటీన్‌ కూడా పోయింది; కొత్తగా పోసినది ఒట్టి మీడియం. రౌడీలు రెండు రోజులు ఏడో నంబరులో మునిగి ఉంటే, బుద్ధిమంతులు ఉన్నది ఒక్క రోజే. ఆ ఒక్క రోజు చావుల్ని కూడా ఆమె తన చేతులతోనే కడిగేసింది.

సింకులోకి ఎన్ని పోయాయో తెలిసే దారి లేదు. రెండు పోయి ఉండవచ్చు, ముప్పై పోయి ఉండవచ్చు. తొంభై ఏడు అబద్ధమని ఆమె అనుకోలేదు. నిజమని చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదని గ్రహించింది. ఆ అంకెను నమ్మి, ఎవరో ఒక రోగి చేతి నరంలోకి ఆ మందు ఎక్కించబోతున్నారు. సంతకం పెట్టకుండా కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్లింది.

ఇంట్లో ముందుగది ఆమె భర్త కుట్టుమిషనుది. వెనకగది వదినది. వదిన కూరగాయలు తరుగుతూ మరదలి ముఖం చూసి, కత్తి ఆపింది.

"ఏమైందే? మీ రౌడీలు తిరగబడ్డారా?"

కణాలమ్మ జరిగిందంతా చెప్పింది. భర్త మిషను ఆపి, గుమ్మంలోకి వచ్చి విన్నాడు.

"ఆ రిజిస్టరు ఎవరైనా చూస్తారా?" అన్నాడు.

"ఇన్నాళ్లూ చూడలేదు. ఇకముందూ చూడరు."

"అంటే నువ్వు సంతకం పెట్టేస్తే అడిగే నాథుడు లేడు."

"లేడు."

"ఓరేయ్‌, నువ్వు దాన్ని పరీక్ష పెడుతున్నావా?" అని వదిన తమ్ముణ్ణి కసిరి, మరదలి వైపు తిరిగింది. "చెప్తే నీ పేరు చెడుతుందని భయమా?"

"పేరుదేముంది వదినా. పేరు పెట్టినాయన రిటైరై ఎనిమిదేళ్లయింది. నా భయం వేరు. ఆ మందు నిజంగానే మంచిదైతే? కమిటీ వాయిదా వేస్తే మళ్లీ ఏడాదికిగానీ కూర్చోదు. ఈ ఏడాదిలో నీలాంటివాళ్లు ఎంతమంది పుక్కిలిస్తూ కూర్చోవాలి?"

వదిన ఒక వంకాయను నాలుగు ముక్కలు చేసింది.

"మంచిదైతే మళ్లీ లెక్కపెట్టినంత మాత్రాన పారిపోతుందా?" అంది. "నాకు ఆరు నెలలు మందెక్కించారు. ఎక్కించే ముందు ప్రతిసారీ డాక్టరమ్మ 'ఇది చేస్తుంది, ఇది చెయ్యదు' అని చెప్పేది. ఆవిడ చెప్పినవన్నీ జరిగాయి, నోటి పుళ్లతో సహా. అందుకే భరించాను. చెయ్యదని చెప్పింది చేసి ఉంటే మాత్రం ఆ గొట్టం పీకి ఆవిడ మెళ్లోనే వేసుండేదాన్ని."

భర్త నవ్వి, "విప్పి కుట్టాల్సిందే," అన్నాడు. "విప్పితే సూది పోట్లు కనబడతాయి. కనబడనీ."

"నీ సలహా ఎవరడిగారు? ఆ జాకెట్టు ఇవాళిస్తానన్నావు, పో" అంది వదిన.

మర్నాడు పొద్దున కణాలమ్మ తన పొద్దుటి పని ముగించేదాకా ఆగలేదు. చిట్టి డాక్టరు రాగానే గదిలోకి పిలిచి, తలుపు మూసి, రిజిస్టరు ఆమె ముందు తెరిచి పెట్టింది. పదకొండు మంగళవారాల దగ్గర పదకొండు చీటీలు పెట్టి ఉన్నాయి.

ఆ పిల్ల మూడో చీటీ దగ్గరే అర్థం చేసుకుంది. మిగతా ఎనిమిదీ తిప్పుతూ ఉండిపోయింది.

"ప్రోటీన్‌ పొయ్యని ప్లేట్లకీ మార్చారు కదా అక్కా? రెండింటికీ ఒకేలా చేశాం. పోలిక పోలికే" అంది చివరికి.

"బుద్ధిమంతులకీ బుద్ధిమంతులకీ పోలిక సరే. బుద్ధిమంతులకీ రౌడీలకీ? వాళ్లకి నేను మార్చలేదుగా."

"ఒక్క రోజులో చచ్చేవి పెద్దగా ఉండవు."

"ఉండవేమో. నువ్వు చూశావా?"

చిట్టి డాక్టరు మళ్లీ మొదటి చీటీకి తిప్పింది.

"ఫెయిలైనవాళ్లని మంగళవారం ఇంటికి పంపేసి, బుధవారం క్లాసులో మిగిలినవాళ్లని లెక్కపెట్టి, మా బళ్లో అందరూ పాసంటే ఒప్పుకుంటావా?"

చిట్టి డాక్టరు కళ్లు ఎర్రబడ్డాయి. "పన్నెండు రోజులుందనగా చెప్తున్నారు! మూడేళ్లు మీ పక్కనే కూర్చుని చేశాను. ఒక్కసారైనా అనలేకపోయారా?"

"నాకు తెలిసుంటే మూడేళ్ల కిందటే అనేదాన్ని. నిన్న సాయంత్రం నువ్వు రాసిన వాక్యం చదివితే తెలిసింది. నువ్వు 'కదపకుండా' అని రాశావు. నేను కదిపాను. తప్పు నా చేతిది."

"మీ ఒక్కరిదే ఎలా అవుతుంది? మిమ్మల్ని చూసుకోమన్నది నేను." ఆ మాట అంటూనే ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. "పదండి. పెద్దాయన ఇంకా టీ తాగకముందే చెబుదాం. తాగాక కేకలేసే ఓపిక వస్తుంది."

ప్రొఫెసరుగారు కేకలెయ్యలేదు. అంతకన్నా భయపెట్టే పని చేశారు: నిదానంగా ప్రశ్నలు అడిగారు.

"ఎన్ని ప్రయోగాలు?"

"పదకొండుకి పదకొండూనండి."

"రాసిపెట్టారా?"

"తేదీ, గంటతో సహా."

ఆయన రిజిస్టరు అందుకుని, ఐదారు నిమిషాలు తిరగేశారు. "ఇది మన గోడకే వేలాడుతోంది," అన్నారు ఎవరితోనో అన్నట్టు. "నేనూ చదవలేదు. సంతకాల నియమం పెట్టినవాణ్ణి నేనే." తర్వాత తల ఎత్తి, "తెలియనిదాన్ని ముందు తెలుసుకుందాం. ఏడ్చేది తర్వాత చూసుకోవచ్చు," అన్నారు.

ముందుగా ఒకే ఒక ప్లేటుతో చూశారు. బుద్ధిమంతులకు ఏడో నంబరు పోసి, ఒక రోజయ్యాక మీడియం తీశారు. దాన్ని సింకులోకి పొయ్యలేదు. గొట్టంలో పట్టి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, అడుగున చేరినదాన్ని నీలి రంగు కలిపి మైక్రోస్కోపు కింద చూశారు. బతికిన కణం ఆ రంగును లోపలికి రానివ్వదు, తెల్లగా మెరుస్తుంది. చచ్చినదానికి అడ్డుకునే శక్తి ఉండదు, నీలమైపోతుంది. కణాలమ్మ కంటికి మొదట కనబడింది నీలమే. ఒకటి కాదు, రెండు కాదు. గాజుపలక మీది గళ్లన్నీ లెక్క కడితే, ప్లేటు మొత్తంలో నూటికి ఎనిమిది. ఆ ఎనిమిది ఇదివరకు పదకొండుసార్లు సింకులోకి పోయాయి.

"అయితే మందు చెడ్డదనా?" అంది చిట్టి డాక్టరు నీరసంగా.

"ఒక్క ప్లేటు చూసి మంచిదనీ అనకూడదు, చెడ్డదనీ అనకూడదు," అన్నారు ప్రొఫెసరుగారు. "మొదటినుంచి చెయ్యండి. మూడుసార్లు. రెండు మోతాదుల్లో."

చెయ్యడమెలాగో చెప్పింది కణాలమ్మ. మంగళవారం తిండి మార్చకుండా బుద్ధిమంతులు రెండు రోజులు నిలవాలంటే, మొదట్లోనే రెట్టింపు మీడియం పొయ్యాలి. రౌడీలకు కూడా అంతే పొయ్యాలి, లేకపోతే మళ్లీ తేడా వస్తుంది. మీడియం పెరిగినకొద్దీ ప్రోటీన్‌ కూడా పెంచాలి, లేకపోతే పలచబడుతుంది. ఈ మూడు మాటలూ చెప్పి, నాలుగోది కూడా చెప్పింది: "నేను లెక్కపెట్టను."

"మీకన్నా బాగా లెక్కపెట్టేవాళ్లు ఈ భవనంలో ఉన్నారా?" అన్నారు ప్రొఫెసరుగారు.

"ఉండరండి. అందుకే వద్దంటున్నా. ఇరవై ఆరేళ్లు పెంచినదాన్ని. బుద్ధిమంతులు చచ్చి నీలంగా కనబడితే, అబ్బే, నీడ పడిందేమోలే అనుకుంటాను. తెలిసి చెయ్యను. తెలియకుండా చేస్తాను. తెలియకుండా చేసిందే కదా మనల్నిక్కడికి తెచ్చింది."

అందుచేత లెక్కకు కింది అంతస్తులో రక్తపరీక్షలు చేసే ఆయన్ని పిలిచారు. 'రక్తం మాస్టారు' అని ఆయన పేరు. ముప్పై ఏళ్లుగా గళ్ల గాజుపలక మీద రక్తకణాలు లెక్కపెడుతున్న మనిషి. ప్లేట్లకు చీటీలు పీకేసి, ఆఫీసులో టైపిస్టు చేత అంకెలు వేయించారు. ఏ అంకె ఏ ప్లేటో రాసిన కాగితం టైపిస్టు సొరుగులో, తాళం కింద ఉంది. చిట్టి డాక్టరు రక్తం మాస్టారికి ఏడో నంబరు కథ చెప్పబోయింది.

"నాకు కథలొద్దమ్మాయ్‌. నీలమెన్ని, తెలుపెన్ని? అంతే గదా. వింటే నాక్కూడా ఆశ పుడుతుంది" అన్నాడాయన.

ఆ మొదటి ప్లేటుతో కలిపి, మూడుసార్లూ పూర్తయ్యేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో వచ్చిన మంగళవారాన కణాలమ్మ ఎడమ ఇంక్యుబేటరు తలుపు తీసి, తన సొంత ఫ్లాస్కులకు మీడియం మార్చి, ప్రయోగం ప్లేట్ల అరను ముట్టుకోకుండా తలుపు వేసింది. అంతకన్నా కష్టమైన పని ఆ గదిలో ఆమె చేసి ఎరగదు. ఆ అరలో ఒక ప్లేటు మీడియం పసుపుకు తిరగడం కంటపడింది. ఆకలి గుర్తు అది. చెయ్యి అటు వెళ్లింది కూడా. "వీడికి తిండెప్పుడు పెడతారమ్మా?" అని పైకే అని, వెనక్కి తిరిగింది.

శనివారం మధ్యాహ్నం టైపిస్టు సొరుగు తెరిచి కాగితం తెచ్చింది. రక్తం మాస్టారు తన అంకెలు చదువుతుంటే, ఆమె ఏ ప్లేటు ఏదో చెబుతూ వచ్చింది. ప్రొఫెసరుగారు రాసుకున్నారు. కణాలమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

ప్రోటీన్‌ పొయ్యని బుద్ధిమంతుల్లో నూటికి తొంభై ఐదు బతికాయి. పాత మోతాదులో ఏడో నంబరు పోసినవాటిలో ఎనభై నాలుగు.

చిట్టి డాక్టరు బల్ల అంచు పట్టుకుంది. తొంభై ఏడు ఎక్కడ, ఎనభై నాలుగు ఎక్కడ?

"ఆగు. సగం మోతాదు చదవలేదింకా" అంది కణాలమ్మ.

సగం మోతాదులో బుద్ధిమంతుల్లో నూటికి తొంభై మూడు బతికాయి. ఏమీ పొయ్యనివాటితో పోలిస్తే రెండే తక్కువ. అదే సగం మోతాదులో రౌడీల్లో బతికినవి ఇరవై. మూడుసార్లూ అంకెలు ఒకటి రెండు అటూ ఇటూగా అక్కడే నిలిచాయి.

ప్రొఫెసరుగారు కలం కింద పెట్టారు. "మనం చెప్పుకున్నంత మంచిది కాదు," అన్నారు. "పనికొచ్చేంత మంచిదే."

"పాత మోతాదుతోనే కమిటీకి వెళ్లి ఉంటే?" అంది చిట్టి డాక్టరు.

రక్తం మాస్టారు కణాలు లెక్కపెట్టే తన క్లిక్కర్ని సున్నాకు తిప్పుకుంటూ అన్నాడు: "పాత మోతాదంటే ఇందాకటి పదహారు నీలాలేనా? అయితే మనుషుల్లో ఆ నీలాలు మైక్రోస్కోపులో కనబడవు తల్లీ. లివరు పరీక్షలో కనబడతాయి. అవొచ్చేది నా దగ్గరికే."

మూడో వాక్యం తిరగరాశారు. పదకొండు పాత ప్రయోగాలనూ దాచిపెట్టలేదు. ఏవి, ఎందుకు పక్కన పెట్టారో దస్త్రంలో వేరే పేజీ చేర్చారు. ఆ పేజీ రాయడానికి చిట్టి డాక్టరుకు ఒక పూట పట్టింది. 'టెక్నీషియను పొరపాటు వల్ల' అని మొదట రాసి తనే కొట్టేసింది. 'మా పద్ధతిలో జరిగిన పొరపాటు వల్ల' అని రాసింది. కణాలమ్మ దాన్ని చదివి, "ఎవరు మార్చారో కూడా రాయి. లేకపోతే చదివినవాళ్లకి గాలే మార్చిందేమో అనిపిస్తుంది," అంది. అదీ చేర్చాక సంతకం చేసింది.

కమిటీలో ఐదుగురు. పొడుగాటి గది, పొడుగాటి బల్ల, ప్రతివారి ముందూ నీళ్ల గ్లాసు. ప్రొఫెసరుగారు ముప్పై నిమిషాలు మాట్లాడారు. సభ్యుల్లో ఒకరు కణితులు కోసి తీసే సర్జను. నెరిసిన జుట్టు, తక్కువ మాట. ఆమె ఆ వేరే పేజీ దగ్గర ఆగి, తల ఎత్తకుండానే అడిగారు: "ఈ ప్లేట్లను చూసుకునేది ఎవరు?"

గోడవారన కుర్చీలో కూర్చున్న కణాలమ్మ లేచి నిలబడింది. "నేనేనండి."

"ఈ కొత్త లెక్కలో, నలభై ఎనిమిది గంటల్లో వీటిని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదండి. పాత లెక్కలో ముట్టుకున్నాను. అందుకే దాన్ని పక్కన పెట్టాం. ఈసారి ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదని ఎలా నమ్మమంటారు?"

"నమ్మక్కర్లేదండి. నేను ముట్టుకుని ఉంటే పాత మోతాదు ప్లేట్లలో చచ్చినవి నూటికి ఎనిమిది తక్కువ కనబడేవి. చచ్చినవి మొత్తం ఉన్నాయి చూడండి. అవి ఉన్నాయంటే ఎవరూ పారబొయ్యలేదనే."

సర్జను తల ఎత్తి ఆమె ముఖం చూశారు. "ముందుసారి పొరపాటు కనిపెట్టింది ఎవరు?"

"చేసినదాన్నేనండి."

సర్జను ఆ పేజీ అంచున చిన్న గుర్తు పెట్టి, పేజీ తిప్పారు. తర్వాతి ప్రశ్న లివరు పరీక్షలు వారానికి ఎన్నిసార్లు అన్నది. దానికి చిట్టి డాక్టరు జవాబు చెప్పింది. కణాలమ్మ కూర్చుంది. గంటన్నర తర్వాత అనుమతి వచ్చింది: సగం మోతాదులో, పన్నెండుమంది రోగులతో, మొదటి నెల ప్రతి మూడో రోజూ లివరు పరీక్షతో.